రంపపు బల్లకు పట్టు తుప్పు

2023 డిసెంబరు మొదటివారములో మిచాంగ్ తుఫాను చెన్నపట్టణమును ముంచెత్తినప్పుడు పాఠశాలలకు సెలవు లిచ్చిరి. వాననీరు మా వడ్రంగపు గదిలోనికి రాలేదు. గడప ఎత్తుగా నుండుటచే యంత్రములకు తడి తగులలేదు. అయినను, సెలవుల పిమ్మట తలుపు తెరచి చూడగా రంపపు యంత్రపు బల్ల యంతయు కుంకుమ చల్లినట్లు ఎర్రబారి యుండెను. నడుమ ఒకచోట, అడుగున్నర పొడవును జానెడు వెడల్పును గల మచ్చ మరింత ముదురురంగులో అచ్చు గ్రుద్దినట్లు కనబడెను. కొయ్యసుత్తి చేయుటకు తెచ్చిన పచ్చి తుమ్మచెక్కను ఎవరో బాలుడు సెలవులకు ముందు బల్లమీదనే మరచిపోయినాడు. చెక్కను తిరుగవేసి చూడగా దాని అడుగుభాగము సిరా పోసినట్లు నల్లబడియుండెను.

పిల్ల లిద్దరు రెండు మాటలు పలికిరి. ఒకడు, "నీళ్లు లోపలికి రాలేదు కదా సార్, తుప్పు ఎట్లా పట్టింది?" అని యడిగెను. రెండవవాడు, "మా నాన్న షాపులో గ్రైండరు ఉంది సార్, రేపు తెస్తాను, అయిదు నిమిషాల్లో తళతళలాడిస్తాను" అనెను. మొదటివాని ప్రశ్నకు సమాధానము చెప్పుటయు, రెండవవానిని ఆపుటయు ఈ వ్యాసమునకు కారణములు. మన పిల్లల తల్లిదండ్రులలో కలపపనితో జీవించువారు కొందరు కలరు. ఇంటి వెనుక కొట్టములోనో, మేడమీదనో చిన్న రంపపు యంత్రము పెట్టుకొన్నవారును కలరు. తుప్పు పట్టిన బల్ల వారికి అందవికారము మాత్రమే కాదు. అది పని చెరచును, కొన్నివేళల చేతిని చెరచును.

ముందుగా ఆ బల్ల యెట్టిదో చెప్పవలెను. రంపపు యంత్రము, చిత్రిక యంత్రము మొదలగువాని బల్లలు పెద్ద యంత్రములలో సాధారణముగా పోత యినుముతో చేయబడును. పోత యినుము బరువైనది. యంత్రపు అదురును మ్రింగివేయును. పోతపోసిన పిమ్మట దాని పైభాగమును యంత్రముపై చెక్కి, సానపట్టి, అద్దమువలె సమతలము చేయుదురు. యంత్రపు కాళ్లకు, పెట్టెకు రంగు వేయుదురు గాని యీ పైభాగమునకు మాత్రము వేయరు. వేసినచో ఆ రంగు కొన్నాళ్లకే అరిగి ఎగుడుదిగుడగును, చెక్కకును అంటుకొనును. కాబట్టి యంత్రమంతటిలో ఎక్కువ పని చేయు భాగమే ఏ ఆచ్ఛాదనయు లేక గాలికి వదలబడి యుండును.

ఇనుమునకు తుప్పు పట్టుటకు కావలసినవి రెండు: నీరు, గాలిలోని ప్రాణవాయువు. పొడిగాలి ఒక్కటియే ఇనుము నేమియు చేయదు. అయితే నీరనగా ధారగా కారు నీరే కానక్కరలేదు. గాలిలో పొగ మొదలగు మలినములు ఏ కొంచెమున్నను, తేమ నూటికి సుమారు 60 పాళ్లు దాటగనే తుప్పు పట్టు వేగము ఒక్కసారిగ పెరుగునని వెర్నన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1920, 1930 దశకములలో చేసిన పరిశోధనల వలన తేలినది. చెన్నపట్టణములో సంవత్సరమున అధికభాగము ఉదయపు తేమ ఈ హద్దునకు పైననే యుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వీచు దినములలో సంగతి చెప్పనక్కరలేదు.

దీనికి తోడు ఉప్పు. సముద్రపు అలలు విరిగినప్పుడు లేచు తుంపరలు గాలిలో ఎండి, కంటికి కనబడని ఉప్పురేణువులై, మధ్యాహ్నపు సముద్రపు గాలితో ఊరిలోనికి వచ్చును. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలదు. అది తేమ నూటికి 33 పాళ్లున్న గాలినుండి సైతము నీరు పీల్చుకొని కరగిపోవును. వానకాలములో జాడీలోని రాళ్లుప్పు దానంతట అదే నీరూరుట తల్లు లందరు ఎరిగినదే. జాడీలో జరుగు పనియే రంపపు బల్లమీదను జరుగుచున్నది. ఒక్కొక్క ఉప్పురేణువు తన చుట్టు ఒక నీటిబొట్టును కూర్చుకొనును. ఆ ఉప్పునీరు మంచి విద్యుద్వాహకము. తుప్పు పట్టుట యనునది మూలమున విద్యుద్రసాయన క్రియయే యగుటచే ఉప్పునీటిలో అది వేగముగ సాగును. రాయపురము, తిరువొత్తియూరు వైపు కిటికీ ఊచలు, అంబత్తూరు వైపు ఊచలకంటె ముందుగా ఎందుకు తినివేయబడునో దీనివలన తెలియును.

ఓడరేవు కట్టకముందు ఈ తీరమున ఓడలనుండి మనుష్యులను, సరకులను దింపిన మసూలా పడవల పలకలను మేకులు లేకుండ కొబ్బరితాటితో కుట్టెడివారు. అలల తాకిడికి పడవ విరుగక వంగుటకే ఆ కుట్టు ప్రధానముగా ఉద్దేశింపబడినది. అయినను తుప్పు పట్టుటకు మేకే లేకపోవుట చిన్న లాభము కాదు.

మూడవ కారణము మంచు. నూరు కిలోల పోత యినుము రాత్రి చల్లబడినచో ఉదయమున గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కదు. తలుపులు తెరచినంతనే వెచ్చని తడిగాలి ఆ చల్లని యినుమును తాకి, చల్లనినీరు పోసిన కంచుచెంబునకు చెమట పట్టునట్లు, బల్లమీద సన్నని నీటిపొర కట్టును. వ్రేలితో రాచిననే గాని అది తెలియదు. డిసెంబరు, జనవరి నెలల ఉదయములందు ఇట్లు జరుగుట యెక్కువ. నీరు లోపలికి రాలేదు కదా యని యడిగిన బాలునికి నేను చెప్పిన సమాధాన మిదియే: నీరు తలుపుగుండ రాలేదు, గాలితో వచ్చినది.

ఇచట చాలమంది ఢిల్లీలోని ఇనుపస్తంభమును గూర్చి యడుగుదురు. సుమారు 1600 ఏండ్ల క్రిందటి ఆ స్తంభము ఆరుబయట నిలిచియు తినివేయబడ లేదు కదా, మన యంత్రములు పదిదినముల కెర్రబారుట యేల? కాన్పూరు ఐ.ఐ.టి.లో పనిచేసిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం మొదలగువారి పరిశోధనల ప్రకారము, ఆ యినుములో భాస్వరము హెచ్చుగా నుండుటచే దానిపై గట్టి రక్షకపు పొర యొకటి ఏర్పడినది. ఢిల్లీ గాలి పొడిగా నుండుటయు తోడ్పడినది. మన యంత్రపు బల్లకు అట్టి పొర లేదు. మనము ఉన్నది సముద్రతీరమున. ఈ తీరపు గాలి లోహములను ఎంత తినునో కొలుచుట యొక శాస్త్రమే యైనది. అళగప్ప చెట్టియారు ఇచ్చిన భూమితోను ధనముతోను కారైక్కుడిలో 1948లో శంకుస్థాపన జరిగి 1953లో ప్రారంభమైన కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనాలయమువారు రామేశ్వరమునకు చేరువనున్న మండపములో లోహపు పలకలను సముద్రపు గాలికి నిలిపి, అవి ఎంత బరువు తగ్గినవో తూచి చూచుచు వచ్చిరి. పొరుగువారు "తురు" అన్నను, మనము "తుప్పు" అన్నను, తూచినప్పుడు తగ్గు ఇనుము ఒక్కటే.

గాలి చేయు హానికి మనము చేయు హాని తోడగుచున్నది. చెమటచేతిని బల్లమీద ఆన్చినచో మరునాటికి అయిదు వ్రేళ్ల గుర్తును ఎర్రగా కనబడును. చెమటలో ఉప్పు కలదు గదా. టీగ్లాసు పెట్టినచో గుండ్రని ఉంగరము మిగులును. అన్నిటికంటె హానికరమైనది పచ్చిచెక్కను రాత్రి యంతయు బల్లమీద వదలుట. చెక్కలోని తడియు, దానిలోని ఆమ్లములును ఇనుమును పట్టుకొని తినును. తుమ్మ వంటి వగరుగల చెక్క ఐనచో ఆ ఇనుము చెక్కలోనికి పోయి నలుపు పుట్టించును. ఈ నలుపు మనవారికి క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి, కరక్కాయరసము పట్టించిన గుడ్డమీద ఆ నీటితో వ్రాసి నల్లరంగు పుట్టించుట ఇదే మర్మము వలన. గుడ్డమీద అది విద్య. బల్లమీదను, కుర్చీచేతిమీదను అది నష్టము.

పని యెట్లు చెడునో ఇక చెప్పెదను. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్నిరెట్లు ఎక్కువ చోటు నాక్రమించును. కావున నునుపైన బల్ల గరుకై, చెక్క దానిమీద జారక పట్టుకొనును. పనివాడు బలముగ త్రోయును. చెక్క ఒకచోట ఆగి, హఠాత్తుగ వదలి ముందునకు దూకును. దానితోపాటు చేయియు ముందునకు పోవును. ముందున నుండునది తిరుగుచున్న రంపము. నా యెడమచేతి బొటనవ్రేలిపై నున్న మచ్చ అట్టి యొక ఉదయమున తగిలినదే. బల్ల గరుకుగా నున్నదని తెలిసియు, రెండు పలకలే కదా, కోసివేసి పిమ్మట తుడుతమని నేను తలచితిని. తప్పు నాదే. గోరు పోయి తిరిగి వచ్చినది. నా ప్రక్కన పని నేర్చిన వానికి రెండు వ్రేళ్లు తిరిగి రాలేదు.

ఇక గ్రైండరు సంగతి. నేను పని నేర్చిన కొలిమిలో ఒక చిత్రిక యంత్రపు బల్ల తుప్పు పట్టినది. తొందరలో ఎవరో చేతిగ్రైండరునకు రాతిచక్రము తగిలించి అయిదు నిమిషములలో ఎరుపంతయు పోగొట్టినారు. బల్ల మెరసినది. యజమాని సంతోషించెను. వారము గడచినపిమ్మట ఆ యంత్రముపై చిత్రిక పట్టిన పలకల అంచులు ఒకదానితో నొకటి కలియక వెలుతురు కనబడుచుండెను. ఉక్కుబద్దను బల్లపై నిలువుగా నానించి చూడగా నడుమ పోస్టుకార్డు దూరునంత గుంట! తుప్పు మందము అందులో పదవవంతైనను లేదు. మిగిలిన దంతయు మంచి యినుము. ఆ బల్లను మరల సమతలము చేయించుటకు విప్పి పెద్ద సానయంత్రమునకు పంపవలసి వచ్చెను. యంత్రము నెలదినములు నిలిచిపోయెను. పైపైని తుప్పు కాగితపు మందమైనను లేకుండగా దానిని తీయుటకు ఇనుమును గోకివేయుట, మురికి పోవుటకు గుడ్డను చించుట వంటిది. చక్రము చేతికి తోచినచోట నెక్కువ తినును, తోచనిచోట తక్కువ తినును. చేయి యెంత నేర్పరిదైనను ఇది తప్పదు.

కావున మెల్లని పద్ధతియే మంచిది. మేము ఆ డిసెంబరులో చేసిన పని యిది. మొదట యంత్రపు ప్లగ్గును ఊడబీకి, అందరికి కనబడునట్లు బల్లపైననే పెట్టితిమి. రంపపు చక్రమును విప్పి ప్రక్కన నుంచితిమి. రంపపుపొట్టును పొడికుంచెతో ఊడ్చితిమి, తడిగుడ్డ వాడరాదు. పిమ్మట బల్లయంతయు కుట్టుమిషను నూనెను పలుచగా పూసి అరగంట వదలితిమి. నూనె తుప్పులోనికి దిగి దానిని మెత్తపరచును, ఎర్రని దుమ్ము ముక్కులోనికి లేవకుండ ఆపును. కిరసనాయిలు సులభముగ దొరకిన దినములలో దానినే వాడెడివారము. అది దొరకనిచోట పలుచని యంత్రపు నూనె ఏదైనను చాలును.

ముదురు పొక్కులున్నచోట మాత్రము, గోడరంగు గీకు బ్లేడును పిడికి తగిలించి, దాదాపు పరుండబెట్టినట్లు పట్టుకొని తేలికగా త్రోయవలెను. బ్లేడు మూలలను ముందే ఆకురాయితో కొంచెము గుండ్రన చేసికొన్నచో గీతలు పడవు. ఆ పిమ్మట గిన్నెలు తోము ఆకుపచ్చని పీచుతో, నూనె తడి ఆరకుండ, బల్లయంతయు ఒకే ఒత్తిడితో రుద్దవలెను. చెక్క ఏ దిక్కున నడచునో ఆ దిక్కుననే రుద్దవలెను. గుండ్రముగా త్రిప్పుచు ఒకేచోట నిలువరాదు. దీనితోనే నూటికి తొంబది పాళ్ల పని యగును. మిగిలినదానికి 400 సంఖ్యగల నల్లని ఎమరీ కాగితమును చదునైన కొయ్యముక్కకు చుట్టి రుద్దవలెను. వ్రేళ్లతో పట్టి రుద్దినచో వ్రేళ్ల క్రింద గాళ్లు పడును. మన వడ్రంగులు ఉప్పుకాగితమనియు, ఇచటివారు ఉప్పుత్తాళ్ అనియు పిలుచు పసుపుపచ్చని కాగితము కొయ్యకు పనికివచ్చును గాని దీనికి పనికిరాదు. నూనె తగిలినంతనే దాని గరుకు ఊడిపోవును. బల్లలోని గాడులను మరువరాదు. సన్నని పుల్లకు ఎమరీ చుట్టి గాడి అంచులు రాపాడవలెను. కొలతకడ్డీ అందులోనే నడచును.

ఇనుపపీచు వాడువారికి ఒక హెచ్చరిక. దాని సన్నని నలుసులు మోటారు లోనికి పోయినచో ప్రమాదము. చెక్కలో నాటుకొన్నచో తడి తగిలినప్పుడు నల్లమచ్చలు పడును. మోటారు రంధ్రములను గుడ్డతో మూసి, పని ముగిసినంతనే ఆ గుడ్డను తీసివేయవలెను.

ఎంత రుద్దవలెను? తెల్లగుడ్డతో తుడిచినప్పుడు ఎరుపు అంటనంతవరకే. తుప్పు పోయినచోట నల్లని నీడ మిగులును. అనేకులు దానిని చూచి ఇంకను రుద్దుదురు. అక్కరలేదు. నీడవలన చెక్క ఆగదు, మరక కాదు. మా బల్లమీద ఆ తుమ్మచెక్క నీడ నేటికిని ఉన్నది. దానిని పోగొట్టుటకు ప్రయత్నించి యుండినచో బల్లలో గుంట పడెడిది.

ఇంటి వస్తువులను గూర్చి ఒకమాట. ఇత్తడి బిందెలు చింతపండుతో తోము అలవాటు వలన కొందరు చింతపండో, నిమ్మరసమో, సిరకాయో ఇనుపబల్లకును వాడుచున్నారు. ఆమ్లము తుప్పును తినుట నిజమే. కాని బల్లను బాగుగ కడిగి ఆరబెట్టనిచో గాడులలోను సందులలోను మిగిలి, మరునాటి ఉదయమునకే క్రొత్త తుప్పును తెచ్చును. విడిగా తీయదగిన మేకులకు, పట్టుకారులకు ఆ వైద్యము సరిపోవును గాని నూరు కిలోల బల్లకు కాదు. దోసెల పెనమును తల్లులు కాపాడు తీరు ఇంతకంటె మంచి పాఠము: కడిగినవెంటనే పొయ్యిమీద ఆర్చి, నూనె రాచి పెట్టుదురు. అయితే వంటనూనె పెనమునకే తగును. ఆముదమో, నువ్వులనూనెయో రంపపు బల్లకు రాచినచో కొన్నాళ్లకు జిగటయై రంపపుపొట్టు నంతయు పట్టుకొనును.

బల్లకు తగినది మైనము. తుప్పు తీసిన ఇనుము తల్లి ఒడి విడిచిన పసిపాప వంటిది. తేమ దినములలో రాత్రి గడచునప్పటికే మరల ఎర్రబారును. కావున ఎండ కాయు మధ్యాహ్నము చూచుకొని తుడుచుటయు, మైనము పూయుటయు ఒకేపూటలో ముగింపవలెను. నూనెతడి పోవునట్లు టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మట రంగులేని మైనపు పాలిష్ పలుచగా పూసి, పది పదునైదు నిమిషములకు పొడిగుడ్డతో మెరయునట్లు రుద్ది, మరియొక పూత పూయవలెను. ఇంటనే చేసికొనదలచువారు తేనెమైనము ఒక పాలు, టర్పెంటైన్ మూడు పాళ్లు తీసికొనవచ్చును. మైనమును డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీటిలో నుంచి కరగించి, పొయ్యి ఆర్పి, దూరముగా తీసికొనిపోయిన పిమ్మటనే టర్పెంటైన్ కలుపవలెను. ఇది పెద్దల పని, పిల్లలచేత చేయింపరాదు. నూనెగుడ్డలను కుప్పగా పడవేయరాదు. ముఖ్యముగా అవిసెనూనె తగిలిన గుడ్డలు కుప్పలో తమంతట తామే వేడెక్కి మండుట కలదు. ఆరుబయట విడివిడిగా పరచి ఆరనిచ్చి పారవేయవలెను.

కారు మెరుగుకు అమ్ము పాలిష్‌లను పెక్కుమంది వాడుదురు. వానిలో సిలికోన్ ఉన్నచో అది చెక్కకు అంటి, పిమ్మట వార్నిష్ పూసినప్పుడు చేపకన్నువంటి గుంటలు పడును. పాలిష్ మేస్త్రి తన కుంచెను నిందించుకొనును గాని తప్పు రంపపు బల్లదని యెరుగడు.

మూతను గూర్చి: ప్లాస్టిక్ పట్టాను బల్లకు చుట్టివేసినచో తేమ లోపలనే చిక్కి, మూయకుండుటకంటె ఎక్కువ చెరుపు చేయును. పొడి కాన్వాసు గుడ్డ మేలు. పనిముట్ల పెట్టెలో కర్పూరపు బిళ్ల వేయు ఆచారము కలదు. చిన్న పెట్టెలో ఏమైన మేలు చేయునేమో గాని గదిలోని బల్లకు దానివలన ప్రయోజనము లేదు. క్రొత్త యంత్రముల భాగములకు చుట్టి పంపు తుప్పు నిరోధకపు కాగితమును పారవేయక రంపపు చక్రములకు చుట్టి యుంచుట మాత్రము ఉపయోగకరము.

మైనపు పూత వానకాలములో నెలకొకసారియు, వేసవిలో రెండునెలల కొకసారియు చాలుచున్నది. బల్లపై నీటిచుక్క వ్రేలితో చిలికి చూచినచో అది ముత్యమువలె నిలుచుచున్నంతకాలము పూత యున్నట్లు, పరచుకొన్నచో పోయినట్లు. చూచినవెంటనే ఆ చుక్కను తుడిచివేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. మా గదిలో మైనపు డబ్బాను మొదట బీరువాలో దాచెడివారము. ఇప్పుడు తలుపు ప్రక్కన, స్విచ్చిబోర్డు క్రింద, మేకునకు వ్రేలాడదీసిన గుడ్డతోపాటు పెట్టితిమి. శుక్రవారము చివరి గంటలో దీపము ఆర్పుటకు పోవువానికి అది చేతికి తగులును. తుమ్మచెక్క మరచిన బాలుడే ఇప్పుడు ఆ పని చూచుచున్నాడు.